తిత్తిగాడికి మెమో

మా సంచాలకులు మృత్యుంజయరావుగారు రాజధానిలో రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్ళి, మూడోనాడు నిజాయితీ పట్టుకుని వచ్చారు. వెళ్ళేటప్పుడు ఆయనకి ఆ బాధ లేదు. రైలెక్కించింది నేనే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

వచ్చీ రాగానే జిల్లా జానపద కళా ప్రోత్సాహక సంస్థ సిబ్బందిని, అంటే మా పద్నాలుగు మందినీ, మీటింగు హాల్లో కూర్చోబెట్టారు. "కళాకారుడంటే సమాజపు గొంతు. ఆ గొంతు నిర్భయంగా నిజం పలకాలి. పలికించే బాధ్యత మనది. మార్చి నెలాఖరులోగా ఈ జిల్లాలో నలభై రెండు మంది నిర్భయంగా మాట్లాడాలి. ఒక్కరు తగ్గినా నేను ఊరుకోను" అన్నారు.

పథకానికి 'నిర్భయ గళం' అని పేరు పెట్టారు. మార్గదర్శకాలు రాసే పని నా మీద పడింది. నా పేరు పాండురంగం, సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను రాసిన నోటు ఒక్కటి కూడా ఎవరికీ అర్థమైనట్టు ఫిర్యాదు రాలేదు. ఈసారీ ఆ పేరు నిలబెట్టుకున్నాను. ప్రతి ప్రదర్శనలోనూ కళాకారుడు ఒక నిజం చెప్పాలి. ఏ నిజం చెప్పదలిచాడో పద్నాలుగు రోజుల ముందు మూడు ప్రతుల్లో దాఖలు చెయ్యాలి. కమిటీ దాన్ని పరిశీలించి, నిజమేనని తేలితే ముద్ర వేస్తుంది. అంత ఓపిక లేనివాళ్ళ కోసం పన్నెండు నిజాలు మేమే ఆమోదించి జాబితా ఇచ్చాం. చెట్లు నీడనిస్తాయి. పొగాకు హానికరం. నీరు ప్రాణాధారం. ఈ వరసలో ఉంటాయి. వీటిలో దేన్నయినా ఎంత నిర్భయంగానైనా చెప్పుకోవచ్చు.

నమోదు కోసం నేను ఎర్రగుంటపల్లి వెళ్ళాను. అక్కడ సిందే నాగూబాయి అని అరవై దాటిన మనిషి, తోలుబొమ్మలాట ఆడిస్తుంది. మొగుడు గోవిందోజీ మద్దెల వాయిస్తాడు. మేక తోలు మీద బొమ్మ గీసి, సన్నటి చిల్లులు పొడిచి, రంగులద్ది, తెర వెనక దీపం వెలుగులో ఆడిస్తారు. తెర ముందు జనానికి కనిపించేది బొమ్మే. ఆడించేవాళ్ళు ఎప్పుడూ కనిపించరు.

నా ఫారంలో మూడో గడి 'నిజం పలుకు కళాకారుని పేరు'.

"అమ్మా, మీ ఆటలో నిజం ఎవరు చెబుతారు?" అని అడిగాను.

"ఇంగెవురు సార్, తిత్తిగాడే" అంది నాగూబాయి. వెదురు పెట్టె పక్కన విడిగా వేలాడదీసిన బొమ్మని తెచ్చి చూపించింది. బానపొట్ట, వంకర ముక్కు, చేతులు రెండూ పుల్లలకి కట్టి ఉన్నాయి. "దేవుల్ల బొమ్మలతో వీన్ని పెట్టం. వాల్లకీ సుద్దులు చెప్తాడు. కత నడస్తాంటే నడుమ వస్తాడు. ఊర్లో సంగతులన్నీ కక్కేస్తాడు. వాడు ఏమన్నా ఎవురూ కోపం చేసుకోరు సార్. మా ముత్తాత కాలం నుంచీ అంతే. రెడ్డిని తిట్టినా ముందర నగేది రెడ్డే."

"మరి మాట్లాడేది మీరే కదా?"

ఆవిడ నాలుక్కరుచుకుంది. "అట్లనగూడదు సార్. తెరెనక ఉండేవాల్లకి పేరుండదు. మాట తిత్తిగాడిది."

నియమం ప్రకారం దరఖాస్తుదారు చెప్పింది చెప్పినట్టు నింపాలి. నింపాను. వయసు నూటపది. విద్యార్హతలు లేవు. పుట్టుమచ్చలు: పొట్ట మీద చిల్లులు. ఫొటో కూడా తీశాను. పది రోజుల్లో తిత్తిగాడి పేరున గుర్తింపు కార్డు వచ్చింది. కార్డు చూసి నేను కొంచెం కంగారుపడిన మాట వాస్తవం. కానీ తప్పు దిద్దాలంటే ముందు తప్పు జరిగిందని ఒప్పుకోవాలి. అలా ఒప్పుకునే అధికారం మా స్థాయి ఆఫీసుకి లేదు. కార్డుని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి పంపించాను.

మొదటి ప్రదర్శనకి నాగూబాయి జాబితాలోంచి మూడో నిజం ఎంచుకుంది. ముద్ర వేసి ఇచ్చాం. ఆట రోజున మా సంచాలకులు ముందు వరసలో కూర్చున్నారు. యుద్ధ ఘట్టంలో బాణాలు ఆగిపోయి తిత్తిగాడు పొట్ట ఊపుకుంటూ తెర మీదకి వచ్చాడు.

"నీరు ప్రాణాధారమంట! కాగితంలో ఉండాది, సారు ముద్దర గూడా ఏసినారు. మన ఊర్లో ట్యాంకీ చూసినారా? ఒకసారి శంకుస్థాపనకి రిబ్బను కోసిరి. రెండోసారి రంగేసి రిబ్బను కోసిరి. మూడోసారి మెట్లు కట్టి, మల్లా రిబ్బను కోసిరి. మూడు రిబ్బన్లు ముడేస్తే మనింటి దాకా వస్తాయి గానీ, పైపు మాత్రం రాలేదు. నీల్లకి మన ఆడోల్లు కోసు దూరం పోతాండారు. ట్యాంకీలో పావురాలు కాపురం పెట్నాయి. వాటికి కూడా నీల్లు ల్యాక కింద గుంతకే వస్తాండాయి!"

జనం పడీ పడీ నవ్వారు. సర్పంచి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మా సంచాలకులు కూడా అలవాటుగా చప్పట్లు కొట్టి, మూడో చప్పట్లో ఆగిపోయారు. ఆయన పక్కన కూర్చున్న నీటి సరఫరా ఇంజనీరుగారు లేచి వెళ్ళిపోయారు. ఆయనది వేరే జిల్లా. బొమ్మ మీద కోపం తెచ్చుకోకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

నాలుగో రోజున ఇంజనీరుగారి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా సంచాలకులు నన్ను పిలిచారు.

"పాండురంగం, నిర్భయంగా మాట్లాడమన్నాం. ఆమోదం లేకుండా మాట్లాడమన్నామా?"

"లేదండి."

"బాధ్యుడెవరో చూడండి. నిబంధనల ప్రకారం పోదాం."

రికార్డు తీసి చూశాను. రికార్డులో బాధ్యుడు ఒక్కడే ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే మెమో తయారుచేశాను. 'శ్రీ తిత్తిగాడు, నిర్భయ కళాకారుడు, ఎర్రగుంటపల్లి అను మీరు, ఆమోదిత సత్యమునకు అదనముగా మరొక సత్యమును పలికి క్రమశిక్షణను ఉల్లంఘించినారు. ఏడు దినములలోగా మీ సంజాయిషీ దాఖలు చేయనిచో, మీరు చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును.'

నాగూబాయి మెమో పట్టుకుని మా ఆఫీసుకి పరిగెత్తుకొచ్చింది. "వానికి చదివి వినిపించినా సార్. తలకాయ ఊపినాడు. ఇంగేం జెయ్యల్ల?" అంది. ఎగతాళో అమాయకత్వమో నాకు తెలియలేదు. విచారణకి హాజరుకావాలని తిత్తిగాడికి తేదీ ఇచ్చాం.

విచారణ రోజున తిత్తిగాణ్ణి మీటింగు హాల్లో కుర్చీ మీద కూర్చోబెట్టారు. జారిపోతుంటే అటెండరు వెనక నుంచి తాడు కట్టాడు. సంచాలకులు గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న అడిగారు. బొమ్మ పలకలేదు. నాగూబాయి నోరు తెరవబోయింది.

"మీరు మాట్లాడకూడదు. ఈ వ్యవహారంలో మీరు ఎవరూ కాదు" అన్నారు సంచాలకులు.

"అట్లయితే తెర కట్టల్ల సార్, దీపం పెట్టల్ల. తెర ల్యాకుండా వాడు యాడ మాట్లాడతాడు?"

న్యాయంగా వినే అవకాశం ఇవ్వలేదని రేపు ఎవరైనా కోర్టుకి వెళితే చిక్కు. అందుకని కిటికీలకి పచ్చ గుడ్డలు కట్టించి, గెస్ట్‌హౌస్ దుప్పటి ఒకటి తెరగా వేలాడదీసి, వెనక బల్బు వెలిగించాం. పట్టపగలు పదకొండు గంటలకి మా హాలు చీకటైపోయింది. దుప్పటి మీద తిత్తిగాడు లేచి, సంచాలకులుగారికి వంగి దణ్ణం పెట్టాడు.

"నీటి తొట్టికి పైపు లేదని మీరు అన్న మాట వాస్తవమేనా?"

"అన్నదీ వాస్తవమే సామీ, పైపు లేనిదీ వాస్తవమే. యా వాస్తవానికి మెమో ఇచ్చినారు?"

"అది మా సంతకంతో ఆమోదించిన సత్యం కాదు."

"నిజానికి సంతకం కావల్లని నాకి తెలీదు సామీ. నాకి చేతులు రెండూ పుల్లలకి కట్టేసినారు. మీ చేతులు యాడ కట్టేసినారో మల్ల!"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "పై ఆఫీసులో" అని చీకట్లోంచి ఒక గొంతు వినిపించింది. అది మా ఆఫీసు గొంతే. కానీ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

"సైలెన్స్!" అన్నారు సంచాలకులు.

"ఆ పన్నెండు నిజాలూ మా పాప నాలుగో తరగతి పుస్తకంలోవే" అని ఇంకో మూల నుంచి మరో గొంతు వచ్చింది. వెనకనుంచి ఎవరో, "నలభై రెండు మందిలో ముప్ఫై మంది లేనే లేరు, ఓటర్ల జాబితా చూసి రాశాం" అన్నారు. ఆ మాట నేను అనలేదు, కానీ ఆ జాబితా రాసింది నేనే కాబట్టి చెమటలు పట్టాయి. మా వాళ్ళందరికీ ఒకేసారి గొంతులు వచ్చాయి. ఆ కాసేపు ఆఫీసు నాకు ఎంత బాగుందో చెప్పలేను.

"లైట్లు!" అని అరిచారు సంచాలకులు. లైట్లు వెలిగాయి. పద్నాలుగు మందిమీ ఎవరి ఫైలు వాళ్ళం చూసుకుంటున్నాం.

సాయంత్రానికి తిత్తిగాడు సస్పెండయ్యాడు. సస్పెన్షన్‌లో ఉన్న వ్యక్తి ప్రధాన కార్యాలయం విడిచి వెళ్ళరాదు. తిత్తిగాడి ప్రధాన కార్యాలయం మా ఆఫీసే. అందుచేత బొమ్మని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాం.

నాగూబాయి అప్పటిదాకా అంతా ఆటలా చూసింది. తాళం పడేసరికి ముఖం పాలిపోయింది. "సార్, మూసిపెడితే తోలు చిట్లిపోతాది. నీడలో ఆరబెట్టల్ల, నూని రాయల్ల. మా ముత్తాత చేసిన బొమ్మ సార్ అది. మా ఇంట్లో పుట్టినోల్లందరికీ వాడే పెద్దోడు. నన్ను సస్పెండు జెయ్యండి, వాన్ని ఇడిసిపెట్టండి" అని నా కాళ్ళ మీద పడబోయింది.

నేను రికార్డు చూపించాను. రికార్డులో ఆవిడ పేరు లేదు. లేని మనిషిని సస్పెండు చెయ్యలేం.

రెండు వారాలు తిరక్కుండానే ఎర్రగుంటపల్లి ట్యాంకుకి నాలుగో ప్రారంభోత్సవం నిర్ణయమైంది. ఈసారి మంత్రిగారు వస్తున్నారు. ట్యాంకుకి నీలం రంగు వేసి, చుట్టూ కంచె కట్టారు. పైపు సంగతి తర్వాతి దశలో ఉంది. సాంస్కృతిక కార్యక్రమం కింద తోలుబొమ్మలాట పెట్టమన్నారు. సంచాలకులు నాగూబాయిని పిలిపించి, ఆమెకి మొదటిసారి కుర్చీ వేయించారు.

"అమ్మా, మీ కళకి ఊళ్ళో పలుకుబడి ఉంది. దాన్ని సద్వినియోగం చెయ్యండి. కమిటీ నిన్ననే పదమూడో సత్యాన్ని ఆమోదించింది: 'ఎర్రగుంటపల్లిలో ఇంటింటికీ నీళ్ళు వస్తున్నాయి.' దీన్ని మీరు నిర్భయంగా పలికించాలి."

"నీల్లు రాలేదు కద సార్?"

"అది ఇంజనీరింగు విషయం. మనది కళ." ఆయన బల్ల మీంచి ఒక అట్టపెట్టె ముందుకు జరిపారు. అందులో కొత్త ప్లాస్టిక్ బొమ్మ ఉంది. బుగ్గలు ఎర్రగా, తల దువ్వి, నవ్వుతూ ఉంది. సంస్థ తరఫున దానికి 'సత్యమిత్ర' అని పేరు పెట్టారు. "దీంతో ఆ మాట చెప్పించండి. మర్నాడే మీ తిత్తిగాణ్ణి విధుల్లోకి తీసుకుంటాం. చెప్పించకపోతే పనికిరాని వస్తువుల కింద చేర్చి, నిబంధనల ప్రకారం తగలబెట్టాల్సి ఉంటుంది. నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు."

నాగూబాయి బీరువా వైపు చూసి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

సమయం కలిసొస్తుందని ఉత్తర్వులు రెండూ నేను ఆ పూటే తయారుచేశాను. విధుల్లోకి తీసుకునే ఉత్తర్వు కుడి జేబులో, తగలబెట్టే ఉత్తర్వు ఎడమ జేబులో పెట్టుకుని ప్రారంభోత్సవానికి వెళ్ళాను. మంత్రిగారు రిబ్బను కోశారు. ఆరున్నరకి ఆట మొదలైంది. పదమూడో సత్యం అక్షరం పొల్లుపోకుండా వచ్చేలా చూడడానికి నన్ను తెర వెనక కూర్చోబెట్టారు.

తెర వెనక మనుషులు ఎలా ఉంటారో అప్పుడే చూశాను. గోవిందోజీ మద్దెల వాయిస్తూ చెమటలో తడిసిపోయాడు. నాగూబాయి చెక్క పలక మీద కాలితో తొక్కుతూ, రెండు చేతులా రెండు సైన్యాలని ఆడిస్తూ, నాలుగు గొంతులతో మాట్లాడుతోంది. మోకాళ్ళ నొప్పి మనిషి. పొద్దున్నే రెండు బిందెలు కోసు దూరం నుంచి మోసుకొచ్చి ఆటకి కూర్చుందని గోవిందోజీ అంతకుముందే చెప్పాడు. సరైన చోటు రాగానే నేను కాగితం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ప్లాస్టిక్ బొమ్మని తెరకి ఆనించింది. వెలుగు దాంట్లోంచి పోలేదు. తెర మీద ఒక నల్లటి మచ్చ పడింది.

మద్దెల ఆగింది. బొమ్మ మాట్లాడలేదు. బయట జనం తిత్తిగాడి కోసం ఈలలు వేశారు.

"చెప్పవే" అన్నాడు గోవిందోజీ మెల్లిగా. "వాడు ఇంటికొస్తాడు. చెప్పు."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "వాని నోట్లో ఎప్పుడన్నా అబద్ధం పెట్టినామా?" అంది. బొమ్మని కింద పెట్టింది. పలక మీంచి లేచి, తెర అంచు పట్టుకుని ఎత్తి, ముందుకి నడిచి వెళ్ళిపోయింది. నేను కాగితం పట్టుకుని తెర అంచులోంచి తొంగిచూశాను.

ఆ ఊళ్ళో తెర ఎత్తి మనిషి బయటికి రావడం ఎవరూ ఎరగరు. వెలిసిపోయిన చీరలో, దీపం మసి అంటిన ముఖంతో నిలబడ్డ ఆమెని చూసి ఒక్కరూ నవ్వలేదు.

"తిత్తిగాడు రాడు. వాన్ని బీరువాలో పెట్టి బీగమేసినారు. నేను సిందే నాగూబాయిని. ఇన్నేండ్లూ వాని వెనకాల దాక్కోని మాట్లాడినా. ఇప్పుడు నా నోటితోనే చెప్తాండా. ట్యాంకీకి పైపు లేదు. ఇంటింటికీ నీల్లొస్తాండాయని చెప్పమన్నారు. చెప్తే నా బొమ్మని ఇస్తారంట. ల్యాకుంటే కాలుస్తారంట. కాల్చుకోండి. నేను చెప్పను."

తిత్తిగాడు అన్నప్పుడు పడీ పడీ నవ్విన మాటే అది. ఈసారి నవ్వడానికి బొమ్మ లేదు. ఆడవాళ్ళ వరసలోంచి ఒకావిడ లేచింది. "అవును, లేదు" అంది. పక్కావిడ లేచింది. తర్వాత అందరూ లేచారు.

విలేకరులు ఎదురుగా ఉండడంతో మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఇలాంటి నిర్భయమైన గొంతులే మా ప్రభుత్వానికి బలం" అని, ఇంజనీరుగారి వైపు తిరిగి, "పది రోజుల్లో పైపు పడాలి" అన్నారు. మా సంచాలకులు గర్వంగా కండువా సర్దుకున్నారు. వేదిక దిగి రాగానే నా చెవిలో, "సన్మానానికి ఒక ఫైలు పెట్టండి" అన్నారు.

"తిత్తిగాణ్ణి విడుదల చేద్దామాండి?"

"అదెలా? షరతు నెరవేరలేదుగా. అది వేరే ఫైలు."

మర్నాడు పదకొండింటికి ఆఫీసు పెరట్లో ముగ్గురు సభ్యుల కమిటీ సమావేశమైంది. నాగూబాయి గేటు దగ్గర నిలబడింది. "పాతబడిన బొమ్మని మేము ఏట్లో ఇడుస్తాం సార్, పసుపూ కుంకుమా పెట్టి. అట్లన్నా ఇయ్యండి" అని అడిగింది. నిబంధనల్లో దహనం ఉంది, నిమజ్జనం లేదు. అగ్గిపుల్ల గీసింది నేను. మొదటి రెండు ఆరిపోయాయి. మూడోదానికి తిత్తిగాడి పొట్ట మీద చిల్లుల్లోంచి మంట లేచింది. తోలు కాలిన కమురు వాసన సాయంత్రం దాకా నా చేతుల్ని వదల్లేదు. ఆ రోజు నేను అన్నం తినలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా 'దహనం సంతృప్తికరముగా జరిగినది' అని రాసి సంతకం పెట్టాను.

పదకొండో రోజున ఎర్రగుంటపల్లికి పైపు పడింది. ఆ వారంలోనే సన్మానం ఫైలు మీద ఆమోదం వచ్చింది. శాలువా, జ్ఞాపిక, జిల్లా ఉత్తమ నిర్భయ గళంగా ప్రశంసాపత్రం. ఆహ్వానం ఇచ్చి, నమోదు కాగితం మీద ఈసారి ఆవిడ సొంత పేరు రాయించుకుని రమ్మని నన్నే పంపించారు.

నాగూబాయి ఇంటి ముందు కొళాయి కింద బిందె పెట్టి కూర్చుని ఉంది. నేను కాగితాలు తీసి, పెద్దల అభిప్రాయాలు, సంస్థ ఆశయాలు అన్నీ చెప్పాను. ఆవిడ బిందె నిండేదాకా విన్నది. కొళాయి కట్టేసింది.

"నా పేరు రాసుకుంటారా సార్?"

"అవునమ్మా. ఇకనుంచి మీరే మా కళాకారిణి."

"తిత్తిగాని పేరు రాసుకుంటే వాన్ని కాల్చినారు" అంది. కోపం లేదు, మామూలుగా అడిగినట్టే అడిగింది. "నా పేరు రాసుకుని ఎవుర్ని కాలుస్తారు?"

కాగితాలు సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. ఆఫీసుకి వచ్చి పర్యటన నివేదిక రాశాను. ఆరు పేజీల సర్వీసు భాష రాయగలవాణ్ణి, ఈసారి నాలుగు వాక్యాలే రాశాను. బొమ్మని కాల్చడం తప్పు. కాల్చింది మనం. ముప్ఫై మంది కళాకారులు లేరు. ఆమె మన సన్మానం తీసుకోదు, తీసుకోకూడదు.

మృత్యుంజయరావుగారు పది నిమిషాల్లో పిలిచారు. కాగితం నా వైపు తిప్పి పెట్టారు.

"ఇది ఎవరన్న మాట పాండురంగం? ఆ ముసలావిడా?"

"కాదండి" అన్నాను. "నేనే అంటున్నాను."